బుస్సీ దొర జీతాల పద్దు



బుస్సీ దొర పేరు మనకు కొత్త కాదు. బొబ్బిలి కథ విన్న ప్రతి ఇంట్లోనూ ఆ పేరు వినబడింది. బుర్రకథలో విన్నాం. నాటకంలో చూశాం. 1964లో వచ్చిన సినిమాలోనూ చూశాం. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి మాట వస్తే బుస్సీ మాటా వస్తుంది. బొబ్బిలి కోట మీద ఫిరంగులు పేల్చిన పరాయి దొర అనే మనకు గుర్తు.

కానీ బొబ్బిలి యుద్ధం ఆయన జీవితంలో ఒక్క రోజు. దానికి ముందూ వెనకా చాలా కథ ఉంది. హైదరాబాదు గద్దె మీద ఎవరు కూర్చోవాలో ఆయన నిర్ణయించాడు. కొండపల్లి నుంచి శ్రీకాకుళం దాకా ఉన్న సీమను తన చేతిలో పెట్టుకున్నాడు. ఇదంతా ఎలా సాధ్యమైంది? కొద్ది వందల మంది ఫ్రెంచి సైనికులతో ఇంత పని ఎలా జరిగింది?

దానికి నా జవాబు ఒకే ఒక్క మాట. జీతం. సిపాయికి నెల నెలా అందవలసిన జీతం. ఈ మాటను ఇవాళ మీకు మళ్లీ మళ్లీ చెబుతాను. ఎందుకంటే బుస్సీ ఎదుగుదల అక్కడే ఉంది. పతనమూ అక్కడే ఉంది. మన కోస్తా జిల్లాలు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయిన కథ కూడా అక్కడే మొదలైంది.

ముందు మనిషి సంగతి చెబుతాను. పూర్తి పేరు షార్ల్ జోసెఫ్ పతీసియే. బిరుదు మార్కీ ద బుస్సీ కాస్తెల్నో. ఉత్తర ఫ్రాన్స్‌లో, స్వాసోన్ పట్నం దగ్గర, 1720 ప్రాంతంలో పుట్టాడు. ప్రభు వంశమే. కానీ చేతిలో పెద్ద ఆస్తి లేదు. అలాంటి కుర్రాళ్లు ఆ రోజుల్లో కత్తి పట్టుకుని సముద్రం దాటేవాళ్లు. బుస్సీ కూడా అలాగే వచ్చాడు. పుదుచ్చేరిలో ఫ్రెంచి కంపెనీ కొలువులో చేరాడు. అక్కడ గవర్నరు డూప్లే. మనిషిలో సత్తా ఉంటే ఇట్టే పసిగట్టే మనిషి ఆయన.

బుస్సీ సత్తా 1750 సెప్టెంబరులో బయటపడింది. చెంజి కోట పేరు విన్నారు కదా. దేశింగురాజు కోట. మూడు కొండలు, మూడింటి మీదా బురుజులు, కొండల్ని కలుపుతూ ప్రాకారం. ఆ కోట దుర్భేద్యమని లోకమంతా అనుకునేది. బుస్సీ రాత్రివేళ దండును కొండలెక్కించి, తెల్లవారేసరికి దాన్ని పట్టేశాడు. ఆ వార్త దక్కనంతా పాకింది.

అప్పుడు దక్కనులో పరిస్థితి ఏమిటి? మొదటి నిజాం 1748లో చనిపోయాడు. గద్దె కోసం కొడుకు నాసర్ జంగ్, కూతురి కొడుకు ముజఫర్ జంగ్ తలపడ్డారు. డూప్లే మనవడి పక్షం పట్టాడు. 1750 డిసెంబరులో నాసర్ జంగ్ హతుడయ్యాడు. ముజఫర్ జంగ్ దక్కను సుబేదారు అయ్యాడు. హైదరాబాదుకు బయల్దేరుతూ, తోడుగా ఫ్రెంచి సైన్యం కావాలన్నాడు. డూప్లే బుస్సీని పంపాడు. వెంట సుమారు 300 మంది ఫ్రెంచివాళ్లు, 2,000 మంది సిపాయిలు. అంతే.

దారిలో కడప సీమలో, రాయచోటి దగ్గర, ముజఫర్ జంగ్‌కూ కర్నూలు, కడప నవాబులకూ పోరు జరిగింది. ఆ పోరులో ముజఫర్ జంగ్ చనిపోయాడు. అది 1751 ఫిబ్రవరి. రాజు లేడు. దండు నడి దారిలో ఉంది. సైన్యం చెల్లాచెదురయ్యే గడియ. బుస్సీ ఆలస్యం చెయ్యలేదు. నిజాం కొడుకుల్లో ఒకడైన సలాబత్ జంగ్ అదే విడిదిలో బందీగా ఉన్నాడు. ఆయన్ని బయటికి తెచ్చి, అక్కడికక్కడే సుబేదారు అని చాటించాడు. చెర నుంచి నేరుగా గద్దె ఎక్కినవాడు ఆ తర్వాత బుస్సీ మాట కాదనగలడా?

అదే ఏడాది మరాఠాలతో పోరు వచ్చింది. నవంబరులో చంద్రగ్రహణం రాత్రి పీష్వా విడిది మీద బుస్సీ దాడి చేశాడు. చిన్న దండు, పెద్ద భయం. దక్కను సర్దారులకు ఒకటి అర్థమైంది. ఈ దండు మిగతా దండుల్లాంటిది కాదు. వరసలో నిలబడుతుంది. చెప్పినప్పుడే పేలుస్తుంది. చెప్పేదాకా కదలదు.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకుందాం. ఆ సిపాయిలు ఎవరు? చాలామంది ఈ దేశం వాళ్లే. వాళ్లకు ఫ్రాన్స్ ఎక్కడుందో తెలియదు. ఫ్రెంచి రాజు మీద ప్రేమ ఏముంటుంది? మరి ఎందుకు నిలబడ్డారు? ఆ కాలంలో నవాబుల సైన్యాలకు జీతం నెలల తరబడి బాకీ ఉండేది. ఒక్కోసారి ఏళ్ల తరబడి. జీతం రాని సైనికుడు ఏం చేస్తాడు? సర్దారు గుడారం ముందు ధర్నా కూర్చుంటాడు. లేకపోతే ఊళ్ల మీద పడి దోచుకుంటాడు. లేకపోతే యుద్ధం మధ్యలో అవతలి పక్షానికి పోతాడు. బుస్సీ పద్ధతి వేరు. కవాతు నేర్పించాడు. జీతం వేళకు చేతిలో పెట్టాడు. జీతం అందింది కాబట్టి క్రమశిక్షణ నిలిచింది. క్రమశిక్షణ నిలిచింది కాబట్టి గెలుపు వచ్చింది.

మరి ఆ డబ్బు ఎక్కడిది? సలాబత్ జంగ్ ఖజానాలోది. సైన్యం ఫ్రెంచివాళ్లది, ఖర్చు హైదరాబాదుది. అదీ ఏర్పాటు. ఆ ఏర్పాటులోనే చిక్కు ఉంది. సుబేదారు జీతం ఇచ్చినంతకాలం సైన్యం ఆయనది. ఇవ్వలేని రోజు సైన్యం ఎవరిది?

దీనికి మన పల్లెల్లో జరిగే ఒక సంగతి చెబుతాను. ఒక రైతు ఉన్నాడనుకోండి. అన్నదమ్ములతో గట్టు తగాదా. రాత్రిపూట చేనుకు కాపలా లేదు. పై ఊరి నుంచి ఒక గట్టి మనిషిని కావలికి పెట్టుకున్నాడు. నెలకింత అని మాట. మొదటి ఏడు బాగానే ఇచ్చాడు. రెండో ఏడు పంట సరిగా రాలేదు. బాకీ పడింది. మూడో ఏడు కావలివాడు వచ్చి అన్నాడు. అయ్యా, నన్ను నెల నెలా తిప్పొద్దు, కాలవ కింద ఉన్న ఆ నాలుగెకరాలు నాకు వదిలెయ్యండి, నా జీతం నేనే అందులోంచి తీసుకుంటాను అన్నాడు. రైతుకు ప్రాణం తేలికపడింది. సరే అన్నాడు. కానీ ఆ నాలుగెకరాలే ఆయన పొలంలో మంచి నేల. ఆ మరుసటి ఏడు కావలివాణ్ణి మానెయ్యమని చెప్పాలంటే రైతుకు నోరు రాలేదు. నేల ఎవరి చేతిలో ఉందో మాట వాడిదే అయింది.

హైదరాబాదులో సరిగ్గా ఇదే జరిగింది. ఎలా జరిగిందో చెబుతాను.

1753 మొదట్లో బుస్సీకి జబ్బు చేసింది. గాలి మార్పుకు మచిలీపట్నం వచ్చాడు. అప్పటికే మచిలీపట్నం ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది. ఈ రోజుకీ అక్కడ ఫ్రెంచిపేట ఉంది. ఆయన ఇటు రాగానే అక్కడ దివాను సయ్యద్ లష్కర్ ఖాన్ పావులు కదిపాడు. ఫ్రెంచివాళ్లను వదిలించుకోవాలి. యుద్ధం చేసి వదిలించుకోలేం. మరేం చెయ్యాలి? జీతం ఆపాలి. దివాను తెలివైనవాడు. సైన్యం ప్రాణం ఎక్కడుందో సరిగ్గా పట్టుకున్నాడు.

జీతాలు ఆగాయి. హైదరాబాదులో ఉన్న ఫ్రెంచి దండుకు పూట గడవడం కష్టమైంది. మీ జీతం మీరే ఊళ్ల మీద వసూలు చేసుకోండి అన్నట్టు దండును ముక్కలు చేసి పంపారు. సలాబత్ జంగ్‌ను కొద్దిపాటి ఫ్రెంచి రక్షణతో ఔరంగాబాదు తీసుకుపోయారు. 1751లో గ్రహణం రాత్రి బారులు తీరి నిలబడిన సిపాయిలు, ఇప్పుడు పల్లెల మీద పడి పీడించారు. మనుషులు వాళ్లే, తుపాకులు అవే, చేతికి జీతం రాలేదంతే.

డూప్లే దగ్గర్నుంచి బుస్సీకి అత్యవసరంగా కబురు వచ్చింది. జబ్బు పూర్తిగా తగ్గకుండానే బుస్సీ హైదరాబాదు వెళ్లాడు. చెల్లాచెదురైన దండును పోగు చేశాడు. అప్పు చేసి, మాట ఇచ్చి, జీతాల సంగతి సర్దుబాటు చేశాడు. వానలు వెనకబట్టాక ఔరంగాబాదు నడిచాడు. దండు దగ్గరికి వస్తోందని తెలిసేసరికి దివాను మెత్తబడ్డాడు. రాజీకి వచ్చాడు.

అక్కడ, 1753 నవంబరులో, బుస్సీ ఒకే ఒక్క కోరిక కోరాడు. ఇక మీదట నా సైన్యం జీతం మీ ఖజానా నుంచి రానక్కర్లేదు. కొన్ని జిల్లాలు నాకు అప్పగించండి. వాటి శిస్తు నేనే వసూలు చేసుకుంటాను. ఆ శిస్తులోంచి జీతాలు నేనే ఇచ్చుకుంటాను.

ఏ జిల్లాలు? ముస్తఫానగర్, అంటే కొండపల్లి సర్కారు. ఏలూరు సర్కారు. రాజమహేంద్రవరం సర్కారు. శ్రీకాకుళం సర్కారు. కృష్ణా గోదావరుల నేల. ఓడరేవుల నేల. వరి పండే నేల. నేత బట్ట సముద్రం దాటి పోయే నేల. సైన్యానికి ఏటా పాతిక లక్షల రూపాయల పైచిలుకు ఖర్చు. ఈ జిల్లాల రాబడి ముప్పై లక్షల పైచిలుకు వస్తుందని అంచనా. కాలవ కింద నాలుగెకరాలు అన్నానే, అవి ఇవే.

ఒక్క యుద్ధం జరగలేదు. ఒక్క తుపాకి పేలలేదు. జీతం బాకీ కింద నాలుగు సర్కార్లు చేతులు మారాయి. అక్కడి రైతును ఎవరూ అడగలేదు. నేతగాణ్ణి ఎవరూ అడగలేదు. ఔరంగాబాదులో కాగితం మీద ముద్ర పడింది. ఇక్కడ శిస్తు కట్టించుకునే చెయ్యి మారింది. బొబ్బిలి కథకు అసలు మొదలు ఇదే అంటాను నేను.

ఎలాగంటారా? సర్కార్లు చేతికి వచ్చాయి సరే, శిస్తు వసూలు చెయ్యాలి కదా. బుస్సీకి ఊళ్లు తెలియవు, భాష తెలియదు. స్థానికంగా గట్టి చెయ్యి కావాలి. విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు ముందుకొచ్చాడు. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కార్లను గుత్తకు తీసుకున్నాడు.

ఇంతలో బుస్సీకి రెండో గండం వచ్చింది. డూప్లే 1754లోనే ఫ్రాన్స్ వెళ్లిపోయాడు. 1756లో కొత్త దివాను షా నవాజ్ ఖాన్ మాట విని సలాబత్ జంగ్ బుస్సీని కొలువు నుంచి తీసేశాడు. బుస్సీ హైదరాబాదు చేరి, చార్‌మహల్ తోటలో దడి కట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ శత్రు సైన్యం. సిపాయిల్లో కొందరు జారిపోయారు. మచిలీపట్నం నుంచి లా అనే సేనాని సహాయ దండుతో పోరాడుకుంటూ వచ్చి కలిశాకనే సలాబత్ జంగ్ రాజీపడ్డాడు. అలాంటి రోజుల్లో సర్కార్లలో చాలామంది శిస్తు బిగబట్టారు. విజయరామరాజు మాత్రం ఫ్రెంచివాళ్ల పక్షం వదల్లేదు. జీతాల లెక్క మీద బతికే సేనాని అలాంటి మనిషిని మరిచిపోతాడా?

ఆ తర్వాత బుస్సీ సర్కార్లకు వచ్చాడు. బొబ్బిలి రాజు రంగారావుకూ విజయరామరాజుకూ పాత పగ. విజయరామరాజు ఆ పగ తీర్చమన్నాడు. బొబ్బిలి వదిలిపెట్టి వేరే చోట అంతకంటే పెద్ద భూమి తీసుకోమని రంగారావుకు కబురు వెళ్లింది. తాతల నాటి కోట వదలనన్నాడు రంగారావు. 1757 జనవరి 24న బొబ్బిలి మీద యుద్ధం జరిగింది. అప్పటి ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ లెక్క ప్రకారం యూరోపియన్లు 750 మంది, జమీందార్ల బలగం 11,000 మంది. మట్టికోట మీద ఫిరంగులు పేలాయి. కోట నిలవదని తెలిశాక లోపల ఏం జరిగిందో మీకు తెలుసు. ఆడవాళ్లు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకూడదని కోటవాళ్లే వాళ్ల ప్రాణాలు తీశారు. రంగారావు పోరాడుతూ పడిపోయాడు. కొద్ది రాత్రుల తర్వాత విజయరామరాజు తన గుడారంలోనే పాపారాయుడి చేతిలో హతుడయ్యాడు. పాపారాయుడి పగ తీరింది.

బుస్సీ క్రూరుడా? నా అభిప్రాయం చెబుతాను. స్వభావం క్రూరమైంది కాదు. అదే ఏడాది జూన్‌లో విశాఖపట్నంలో ఇంగ్లీషు కోట పట్టుకున్నప్పుడు లొంగిపోయినవాళ్లను గౌరవంగా చూశాడు. శత్రువులే ఆ మాట రాసుకున్నారు. కానీ బొబ్బిలి బాధ్యత ఆయన మీద నుంచి పోదు. శిస్తు తెచ్చిపెట్టే మనిషిని తృప్తిపరచడానికి, ఆ కోట మీదికి ఫిరంగులు నడిపించాడు. నేల అవసరం ఆయనకు జీతాల కోసం. ఆ అవసరమే ఆయన చేత ఆ పని చేయించింది.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 1758లో పుదుచ్చేరికి కొత్త సేనాధిపతి లాలీ వచ్చాడు. మద్రాసు పట్టాలి, వెంటనే రమ్మని బుస్సీకి ఆజ్ఞ పంపాడు. బుస్సీ దక్కను వదిలి దక్షిణానికి వెళ్లాడు. మళ్లీ హైదరాబాదు చూడలేదు. ఆయన వెళ్లగానే విజయనగరం కొత్త ప్రభువు ఆనందరాజు ఎదురుతిరిగాడు. విశాఖపట్నం పట్టుకుని ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. వాళ్ల గవర్నరు క్లైవు బెంగాలు నుంచి కల్నల్ ఫోర్డ్‌ను పంపాడు. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి దండు ఓడింది. 1759 ఏప్రిల్‌లో రాత్రి దాడిలో మచిలీపట్నం పోయింది.

అక్కడొక సంగతి వినండి. మచిలీపట్నం ముట్టడి సాగుతుండగా ఫోర్డ్ సొంత దండు కూడా తిరగబడింది. కారణం డబ్బే. ఫోర్డ్ ఎలాగో వాళ్లకు నచ్చజెప్పి నడిపించాడు కాబట్టి గెలిచాడు.

ఇటు లాలీ వైపు చూడండి. సర్కార్లు పోయాయి. సర్కార్ల రాబడి పోయింది. 1759 అక్టోబరులో వందవాసి దగ్గర ఫ్రెంచి సైన్యం జీతాల బాకీ కోసం తిరుగుబాటు చేసింది. మూడు నెలలు దాటగానే, 1760 జనవరి 22న, అదే వందవాసిలో ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. బుస్సీ ఆ యుద్ధంలోనే పట్టుబడ్డాడు. మరుసటి ఏడు పుదుచ్చేరి కూడా లొంగిపోయింది. జీతం ఇచ్చే నేల పోయాక సైన్యం నిలబడలేదు. అంతటి బలగమూ రెండేళ్లు తిరక్కుండా కరిగిపోయింది.

బుస్సీ ఫ్రాన్స్ వెళ్లాడు. సంపన్నుడుగానే బతికాడు. ఓటమికి బాధ్యుణ్ణి చేసి లాలీకి 1766లో మరణశిక్ష వేశారు. 1783లో బుస్సీ మళ్లీ ఇక్కడికి వచ్చాడు. అప్పటికి ముసలివాడు, కీళ్లవాతం మనిషి. కడలూరులో ఇంగ్లీషువాళ్లతో పోరాడుతుండగానే సంధి వార్త వచ్చింది. 1785 జనవరిలో పుదుచ్చేరిలో చనిపోయాడు. అక్కడ ఒక వీధికి ఆయన పేరు పెట్టారు.

మనిషి పోయాడు, ఆయన పెట్టిన పద్ధతి పోలేదు. దాన్ని ఇంగ్లీషువాళ్లు నేర్చుకున్నారు. ఆయన కంటే బాగా నేర్చుకున్నారు. నాలుగు సర్కార్లు 1760ల్లో వాళ్ల చేతికి వచ్చాయి. ఆ తర్వాత 1798లో హైదరాబాదు నిజాంతో ఒప్పందం చేసుకున్నారు. మా సైన్యం మీ రక్షణకు ఉంటుంది, ఖర్చు మీది అన్నారు. రెండేళ్లు తిరిగాయి. 1800లో ఆ ఖర్చు కింద బళ్లారి, కడప, అనంతపురం సీమలు, కర్నూలు ప్రాంతంలో కొంత భాగం రాయించుకున్నారు. వాటినే దత్త మండలాలు అన్నారు. 1853లో, మళ్లీ సైన్యం జీతాల బాకీ కిందే, బేరారు తీసుకున్నారు.

కోస్తా సర్కార్లు జీతాల కింద పోయాయి. రాయలసీమ జీతాల కింద పోయింది. నిజాం చేతి నుంచి ఈ రెండు ప్రాంతాలూ యుద్ధంలో ఓడి పోలేదు. పద్దులో పోయాయి. కావలివాడి జీతం కింద కాలవ కింది నేల పోయినట్టే పోయాయి.

శ్రోతలారా, మీ ఇళ్లలో పిల్లలకు బొబ్బిలి కథ తప్పకుండా చెప్పండి. రంగారావు పౌరుషం చెప్పండి. పాపారాయుడి పగ చెప్పండి. చెప్పేటప్పుడు 1753లో ఔరంగాబాదులో పడిన ఆ ముద్ర గురించి కూడా చెప్పండి. నాలుగు సర్కార్ల పేర్లు వాళ్ల చేత పలికించండి. మీ ఊరు ఏ సర్కారులో ఉండేదో వెతికి చూడమనండి.